ఉత్త మాత్ర

కాఫీ వద్దు సార్. పుత్తూరులో బస్సు మారేటప్పుడు తాగినాను. మాట మార్చేదానికి కాఫీ చెప్తాండారు, ఆమాత్రం తెలీదా నాకు? రూలు ఒప్పుకోదు దేవకమ్మగారూ, రూలు ఒప్పుకోదు దేవకమ్మగారూ అని నేను వచ్చినప్పటి నుంచి అదే పాట. ఒప్పుకోదని నాకూ తెలుసు. ఆ రూలు నాకు నేర్పించిందే మీరు.

నేనేమన్నా ఆసుపత్రి మూసేయమంటినా? మందుల కంపెనీ మీద కేసు పెట్టమంటినా? ఒగ ఆడమనిషికి ఒగ మాట చెప్పమంటాండాను, అంతే గదా. నువ్వు ఇన్నాళ్లూ మింగిన మాత్రలో మందు ఉండాదమ్మా అనో, లేదమ్మా అనో, ఏదో ఒగటి. ఆ మాట తెలిస్తే లీలావతి తేరుకుంటాది. తెలీకపోతే ఆ కాళ్లు ఏమైపోతాయో అని నాకు భయంగా ఉండాది.

మీకూ తెలీదంటారు. మాత్రలు చేతికిచ్చే భానుశ్రీకీ తెలీదంటారు. మరి తెలిసింది ఎవరికి? కంపెనీ కంప్యూటరుకు. అది యాడుండాది? బెంగళూరులోనో, ఇంగా అవతలనో. దానికి లీలావతి ఎవరో తెలీదు, నంబరు తెలుసు. మనకేమో మనిషి తెలుసు, మాత్ర తెలీదు. బాగుండాది సార్ యవ్వారం.

కోపం కాదు. కోపమైతే మీ మీద రవంత అరిచేసి, ఇంటికి పోయి అన్నం తిని పండుకుందును. ఇది వేరే. మీరు మంచోళ్లు, భానుశ్రీ మంచిది, కమిటీలో అందరూ మంచోళ్లే. అందరూ మంచోళ్లై ఇట్ల జరిగితే ఎవుర్ని తిట్టేది? అది అర్థం గాకనే ఇంత దూరం వచ్చినాను.

నన్ను ఈ కమిటీలోకి పిలిచింది మీరే, గ్యాపకం ఉండాదా? మా నగరిలో షుగరు క్యాంపు పెట్టినారు. నేను మా పొదుపు సంఘం ఆడోళ్లందరినీ తోలుకోని వచ్చినాను. సాయంత్రం సామాన్లు సర్దేటప్పుడు మీరు నన్ను పక్కకు పిలిచి చెప్పినారు. మా ఆసుపత్రిలో కొత్త మందులు మనుషులకు ఇచ్చి చూస్తాము, అది న్యాయంగా జరుగుతాండాదా లేదా అని చూసేదానికి ఒగ కమిటీ ఉంటాది, అందులో డాక్టర్లు, లాయరు కాకుండా ఒగ మామూలు మనిషి కూడా ఉండాల అని. నేను పదోతరగతి, నాకేమి తెలుసు సార్ అంటిని. మీకు తెలియకపోవడమే మాకు కావాల్సింది అని నవ్వినారు. మా ఇంటాయన బతికున్నన్నాళ్లూ నీకేమీ తెలీదని తిట్టినాడు. తెలీకపోయేదానికి కూడా ఒగ పదవి ఉంటాదని ఆ మహానుభావుడికి తెలీకనే పాయె.

నైటీలు కుట్టుకునేదాన్ని, నాకు ఆ కుర్చీ, ముందర నా పేరు రాసిన అట్ట, బాగనే ఉండె సార్, అబద్ధమేల? మీరు ఇంగిలీషులో మాట్లాడుకునేటప్పుడు నేను బిస్కట్ తినేదాన్ని. తెలుగు కాగితం వస్తే నా వైపు తోసేవాళ్లు. ఇది మీవాళ్లకు అర్థమవుతాదా దేవకమ్మగారూ? కాదు సార్. ఇది? ఇదీ కాదు సార్. అదే నా పని.

ఆ దినం కూడా గమ్మున బిస్కట్ తినింటే సరిపోయుండును.

వీడియో పెట్టినారు గదా. అరికాళ్ల మంటకు కొత్త మాత్ర, షుగరు ఉండేవాళ్ల మీద వాడి చూసేది. చేరినోళ్లకు అన్నీ చెప్పి ఒప్పించుకున్నాము, చూడండి అని వేసినారు. అందులో ఒగ ఆయమ్మ, కుర్చీ అంచున కూర్చోనుండాది, ఒళ్లో గుడ్డసంచి. నోరు తెరవంగానే కనిపెట్టినాను, మా పక్క మనిషి. ఆమే లీలావతి, అప్పటికి నాకు పేరు కూడా తెలీదు. భానుశ్రీ కాగితం చదవతా ఉండాది. ఇది పరిశోధన అండీ. సరి. ఇందులో రెండు రకాల మాత్రలు ఉంటాయండీ. సరి. మీకు ఏది వస్తుందో ముందుగా తెలియదండీ. సరి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చండీ. సరి సరి.

అందరూ తలకాయలు ఊపినారు. చక్కగా ఒప్పుకునిందే అని లాయరు గారు అన్నారు. నేను చేతిలో బిస్కట్ పక్కన పెట్టేసినాను. అడ్డం పడి చెప్పినాను. సార్, మా పక్క సరి అంటే ఒప్పుకున్నట్టు కాదు. మాకు అరవం మాటలు శానా కలిసిపోయుంటాయి. సరి అంటే, ఊఁ, వింటాండా, నువ్వు చెప్పు, అని. ఎవరన్నా చావు కబురు చెప్పినా సరి, సరి అంటానే వింటాము. అంటే చచ్చినందుకు ఒప్పుకున్నట్టా? మీ సరే వేరు, మా సరి వేరు.

మీరు వీడియో వెనక్కి తిప్పి మళ్లా వేసినారు. చివర్లో ఏమన్నా అడగాలా అమ్మా అని భానుశ్రీ అంటే, ఆ యమ్మ ఏమని అడిగింది? ‘మాత్ర అన్నానికి ముందరా, తిన్నాంకనా?’ ఆ ఒక్క మాటతో మీకూ తెలిసిపోయింది, ఆమెకు ఇది పరిశోధన అనేదే ఎక్కలేదని. డాక్టరు మందిచ్చినాడు, మింగాల. ఆమె మనసులో అంతే ఉండె.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. లాయరు గారు లేచి వచ్చి మరీ నమస్కారం పెట్టినారు. ఇట్లాంటి మనిషి ఉండాలనే ఈ రూలు పెట్టినారు అని మీరన్నారు. నగరి పక్కనుంచి చేరినోళ్లకంతా మళ్లా అర్థమయ్యేటట్టు చెప్పాల, చెప్పి మళ్లా ఒప్పుకోలు తీసుకోవాల అని తీర్మానం అయింది. నేను ఆ దినం బస్సులో కూర్చోని నాకు నేనే నవ్వుకున్నాను సార్. ఎంత గర్వమో.

అప్పటికే లీలావతికి కాళ్లు బాగుపడినాయని నాకెవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలిసింది. ఆమెది మిషన్ మగ్గాల షెడ్డులో పని. రెండు మగ్గాల మధ్య పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాల, పోగు తెగినప్పుడల్లా అతకాల. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు ఉంటాదంట. షెడ్డు మానేసింది. తడిగుడ్డలు చుట్టుకోని కూర్చునేది. మీ మాత్రలు మొదలుపెట్టినాక మంట దిగిపోయింది. మళ్లా షెడ్డుకు పోయింది. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ చెప్పుల్లేకుండా ఎక్కి దిగింది. మొగుడు గురప్ప చెప్తే విన్నాను, దిగినాక కూడా నవ్వతా ఉండెనంట.

అట్లాంటి మనిషిని మనం మళ్లా పిలిపించినాము, నిజం చెప్పేదానికి.

ఆ పొద్దు నన్ను పక్కన కూర్చోని చూసేదానికే రమ్మన్నారు, మాట్లాడేదానికి కాదు. అది నా తప్పే, ఒప్పుకుంటా. మెంబరు నోరు తెరవకూడదు అని ముందే చెప్పినారు. కానీ సార్, పాపం ఆ భానుశ్రీది కోస్తా పక్క, కాగితంలో ఉండేదే చదవతాది. ‘క్రియారహిత ఔషధం’ అని చదివింది. ఆ మాట మా నాయన కూడా విని ఎరగడు. లీలావతి సరి అనబోయింది. అనబోయి నా వైపు చూసింది. వీడియో పట్టిన పిల్ల కూడా నా వైపే చూసింది.

ఇంగ నేను ఉండలేకపోయినాను. ‘ఇట్ల చూడు లీలావతీ,’ అంటిని. ‘కొంతమందికి నిజం మందు ఇస్తారు. కొంతమందికి ఉత్త మాత్ర ఇస్తారు. చూసేదానికి రెండూ ఒగటే. నీకు ఏది వచ్చిందో నీకు తెలీదు, నాకు తెలీదు, ఈ పాపకు కూడా తెలీదు.’

ఆ తూరి ఆమె సరి అనలేదు సార్.

‘ఉత్త మాత్ర అంటే ఏందక్కా?’ అనింది. మందు లేనిది అని చెప్పినాను. ‘అయితే నాకు తగ్గింది ఎట్ల?’ అనింది. నేను భానుశ్రీ వైపు చూసినాను. ఆ పాప నేర్చుకున్నదే చెప్పింది. ఒక్కోసారి నమ్మకం వల్ల కూడా తగ్గుతుందండీ అని. లీలావతి కాళ్లు కుర్చీ కిందికి లాక్కునింది. ‘అంటే నాకు తగ్గింది అబద్ధమా అక్కా?’

నేనేమి చెప్పాల? మీరే చెప్పండి, ఏమి చెప్పాల?

భానుశ్రీ కాగితం ఆమె ముందరికి జరిపింది. ఆమె సంతకం పెట్టింది. ‘నాకు అర్థమయింది, నాకు ఇష్టమే, నేను ఉంటాను’ అని కెమెరా వైపు తిరిగి పలికింది. రూలు ప్రకారం అంత బాగా ఎవరూ పలికుండరు. ఆ వీడియో ఇప్పుడు కొత్తగా చేరే పిల్లోళ్లకు చూపించి, ఒప్పుకోలు అంటే ఇట్ల తీసుకోవాల అని నేర్పిస్తాండారంట గదా? భానుశ్రీ చెప్పింది. సంతోషంగానే చెప్పింది.

ఇంటికి పోయినాక మళ్లా మొదలైంది మంట. అవే మాత్రలు సార్. అదే డబ్బా. ఒగపూట కూడా తప్పలేదు. మందు మారలేదు, తిండి మారలేదు. మారింది ఒగటే, నేను చెప్పిన మాట ఆమె చెవిలో పడింది. షెడ్డులో మగ్గం కాడ నిలబడి పోగులు చూడకుండా కాళ్లే చూసుకుంటా ఉండెనంట. మంటగా ఉండాదా, లేదా, ఇది నిజం తగ్గుడా, ఉత్త తగ్గుడా అని. అట్ల చూసుకుంటే ఎవరికి మండదు? నాకు మండదా? మీకు మండదా?

గురప్ప మా ఇంటికొచ్చినాడు. గొడవ పెట్టుకునే మనిషి కాదు. వాకిట్లోనే నిలబడి, ‘అది బాగుండె గదమ్మా, నువ్వేమి చెప్పినావు దానికి?’ అన్నాడు. నిజం చెప్పినాను గురప్పా అంటిని. ‘ఏంటికి?’ అన్నాడు. సార్, కమిటీలో కూర్చోని ఇంత నేర్చుకున్నాను గదా. తెలుసుకునేది వాళ్ల హక్కు అని మీరు చెప్పింది గ్యాపకం వచ్చింది. ఆ ముఖం చూసి ఆ మాట అనలేకపోయినాను.

నేను పోయి చూసినాను. ఇంట్లో మాత్ర పగలగొట్టి నాలిక మీద పెట్టుకోని చూస్తా ఉండాది. ‘చేదుగా ఉండాదక్కా, చేదుంటే మందే గదా?’ అనింది. ఉత్తది కూడా చేదుగానే చేస్తారని మన కాగితాల్లో చదివిందాన్ని నేను. నా ముఖం చూసి ఆమే కనిపెట్టేసింది. మిగిలిన ముక్క కూడా మింగేసి, నీళ్లు తాగి, పోనీలే అనింది.

సరి... సరి... వింటాండా, చెప్పండి సార్. ప్రాణం మీదికొస్తేనే ఆ గుట్టు విప్పుతారు. సరి. ఒగరికి చెప్తే పరిశోధనంతా చెడిపోతాది. సరి. ఇది తేలితే రేపు లక్షలమందికి మేలు. అదీ విన్నాను. కాదనలేదు సార్. అట్ల దాచిపెట్టే పద్ధతికి చెయ్యెత్తినోళ్లలో నేనూ ఉన్నాను. ఆ పొద్దు లక్షలమంది కనపడినారు, ఈ పొద్దు లీలావతి కాళ్లు కనపడతాండాయి. ఏమి చేసేది?

ప్రాణం మీదికే రావాల్నా? అరికాళ్ల మీదికి వస్తే చాలదా?

పరిశోధన నుంచి బయటికి రమ్మనండి, వేరే మందు రాసిస్తాను అంటారు. అదీ చెప్పి చూసినాను. మన చేతి మీద ఏ మందూ పనిచెయ్యదు ఇంగ ఆమెకు. ఏ మాత్ర చూసినా, ఇది ఉత్తదా నిజందా అంటాది. ఎవరిచ్చినా అదే అడుగుతాది. మీకు ఇంగా అసలు సంగతి చెప్పలేదు. షుగరు మాత్రలు కూడా మానేసింది. ఎన్నో ఏండ్ల నుంచి మింగేవి. ఇదీ ఉత్తదేమో, ఎవరు చూసినారు అని గూట్లో పెట్టేసింది. బొటనవేలి కాడ చిన్న పుండు లేచింది. గురప్ప చూపించినాడు. ఆమెకు నొప్పి తెలీడం లేదంట. మంట తెలుస్తాదంట, పుండు తెలీదంట.

ఫోను కింద పెట్టండి సార్. భానుశ్రీని పంపించొద్దు. ఆ పాప రెండు తూర్లు పోయింది, తలుపు తీయలేదు. బండి పంపినా ఎక్కదు. పక్కవీధి డాక్టరు కాడికి గురప్ప తోలుకోని పోతానన్నాడు, ఈ పొద్దో రేపో. పోతాదో లేదో. నేను పిలిస్తే వస్తుందంటారా? నేను పిలిస్తే అసలు రాదు.

ఏంటికంటే, నిన్న నేను ఒగ పని చేసినాను. అది చెప్పేదానికే వచ్చినాను. ఇంతసేపూ నసిగింది దానికే.

అబద్ధం చెప్పినాను సార్.

రాత్రంతా ఆలోచించినాను. నిజం చెప్తే మంట వచ్చింది గదా, అబద్ధం చెప్తే పోతాదేమో అనుకున్నాను. పొద్దున్నే పోయినాను. పక్కన కూర్చోని, చెయ్యి పట్టుకోని చెప్పినాను. ‘లీలావతీ, డాక్టరు గారు నీకోసరం పెద్దోళ్లతో కొట్లాడి కంప్యూటరులో చూపించినారు. నీది నిజం మందే. మొదటి నుంచి నిజం మందే. నీకు తగ్గింది నిజమే. ఆ షుగరు మాత్రలు తీసుకో తల్లీ.’ మీ పేరు కూడా వాడుకున్నాను. రాసుకోండి. తీసేస్తే తీసేయండి నన్ను, నేనేమీ అనుకోను.

నిజం చెప్పిన దినమే తడబడినాను సార్. ఇది గట్టిగా చెప్పినాను.

ఆ యమ్మ నా ముఖం చూసింది. శానా నెమ్మదిగా చూసింది. కోపం లేదు. చెయ్యి కూడా లాక్కోలేదు. రవంత నవ్వింది. నవ్వి, ‘ఇది కూడా మీ పరిశోధనేనా అక్కా?’ అని అడిగింది. ‘ఇట్ల చెప్తే తగ్గుతాదా లేదా అని చూస్తాండారా?’

అడిగి నా జవాబు కోసరం చూస్తా కూర్చునింది. కాదు అంటే నమ్మాల గదా. నేను ఏది చెప్తే నమ్ముతాది ఇంగ? దేవుని మీద ఒట్టేసినా, ఒట్టేయమని కాగితంలో రాసిండారేమో అనుకుంటాది. ఆమె అనుకునేదాంట్లో తప్పేముండాది?

ఏమి చెప్పాల్సింది సార్ నేను? చదువుకున్నోళ్లు, ఇరవై ఏండ్లుగా ఇదే పని చేస్తాండారు, మీరు చెప్పండి.

మీరూ ఆ ఫోను వైపే చూస్తాండారు. నేనూ ఇట్లనే, గూట్లో మాత్రల వైపు చూసి, లేచి వచ్చేసినాను.